గృహదృష్టి దోషం

ఇల్లు పోగొట్టుకోవడానికి మనవాళ్లకు తెలిసిన మార్గాలు మూడు: పేకాట, బావమరిదికి పూచీకత్తు, దాయాదులతో వ్యాజ్యం. నేను వీటిలో దేని జోలికీ పోలేదు. పేక ముక్క పట్టుకోవడం నాకు చేతకాదు. నా బావమరిది నాకంటే ఉన్నవాడు. దాయాదులు నన్ను ఏనాడో మరిచిపోయారు. నేను ఒక సర్టిఫికెట్టు కోసం దరఖాస్తు పెట్టాను, అంతే.

నా పేరు త్రినాథరావు. గోదావరి కాలవ పక్కన ఉన్న ఒక పట్నంలో ఇళ్ల వాల్యూయేషన్ చేసేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. చెబితే మాకూ అలాంటి అధికారులు ఎందుకు లేరని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బాధపడతారు.

ఎవరైనా ఇల్లు కొనడానికి అప్పు అడిగితే, ఆ ఇల్లు ఎంత చేస్తుందో చూసి రమ్మని బ్యాంకు నన్ను పంపేది. నేను టేపు పట్టుకుని వెళ్లి గదులు కొలిచి, గోడలు తట్టి చూసి, పెరట్లో నుయ్యి ఉంటే తొంగి చూసి, ఒక అంకె వేసేవాణ్ణి. ఏ ఇంటికి వెళ్లినా ముందు కాఫీ వచ్చేది. వద్దన్నా వచ్చేది. అది తాగుతూ కూర్చున్న కాసేపట్లో ఆ ఇల్లు సగం అర్థమైపోయేది. పోపు ఘాటు ఎటు పోతోంది, పిల్లలు ఏ మూల కూర్చుని చదువుతున్నారు, ముసలాయన లేచేటప్పుడు ఏ గోడకు చెయ్యి ఆనిస్తున్నాడు, ఇవన్నీ కనపడేవి. ఫారంలో వీటికి గడులు లేవు గాని, అంకె వేసేటప్పుడు పెన్ను కాస్త అటో ఇటో జరిగేది.

నలభై ఏడో ఏట నాకు గడ్డుకాలం వచ్చింది. బ్యాంకులవాళ్లు ఒక కంప్యూటరు తెచ్చారు. ఆకాశంలోంచి తీసిన ఫొటోలో ఇంటి కప్పు చూసి అది ధర చెప్పేస్తుంది. కప్పు కింద మనుషులున్నారా గేదెలున్నాయా అన్నది దానికి అనవసరం. కాఫీ కూడా అడగదు. ఇక ఇళ్లకు మనిషి అక్కర్లేదు, కమర్షియల్‌కి మాత్రం ఇంకా కావాలి అన్నారు. అంటే కాంప్లెక్సులు, గోడౌన్లు, ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు. ఆ రోజుల్లో మా ఊళ్లో కమర్షియల్ అన్న మాటని జనం తిరుపతి అన్నంత భక్తిగా అనేవారు. నన్ను ఎరిగినవాళ్లంతా కమర్షియల్‌లోకి మారిపొమ్మన్నారు.

మా ఆవిడ హైమావతిని అడిగాను. ఇన్నాళ్లూ ఇళ్లు చూశారు, ఇకమీదట కొట్లు చూస్తారు, చూడ్డమేగా అంది.

మా ఇంటి సంగతి ఇక్కడే చెప్పాలి. ముందు వరండా, ఒక హాలు, ఒక పడకగది, వంటిల్లు, వంటింటి పక్కన దేవుడి అలమర, వాకిట్లో తులసికోట. హైమావతి కాసులపేరు అమ్మి పునాది వేశాం. స్లాబు పడేనాటికి గాజులు కూడా పోయాయి. మళ్లీ నగ అన్న మాట ఆవిడ నోట రాలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా బోసిమెడ వంక చూస్తే, నాకు ఇల్లుందండీ అనేది. మాకు పిల్లలు లేరు. పొలాలు లేవు. ఉన్నది ఆ ఇల్లే.

సర్టిఫికెట్టు ఇచ్చేది స్థిరాస్తుల మదింపు ప్రమాణాల మండలి. దాని సూపరింటెండెంటు విశ్వంభరం గారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరో పక్కగదిలో ఫైలు చదువుతున్నట్టు ఉండేది. నా దరఖాస్తు ఆసాంతం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తమరి ఇరవై రెండేళ్ల అనుభవము మండలివారి దృష్టికి వచ్చినది. అదియే తమకు ప్రధానమైన అనర్హత."

నాకు అర్థం కాలేదన్నాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఇళ్లు చూసి చూసి మదింపుదారుడి కంటికి ఒక పొర కమ్ముతుందట. దాన్ని గృహదృష్టి దోషం అంటారట. అది పట్టినవాడు సినిమా హాల్లోకి వెళ్లినా వంటిల్లెక్కడా అని వెతుకుతాడు. అందుకని మండలి కొత్త నిబంధన పెట్టింది. ఇళ్ల అనుభవం ఎన్నేళ్లుంటే అన్నేళ్లు కమర్షియల్ అనుభవంలోంచి తీసేస్తారు. నిన్ననే కాలేజీలోంచి వచ్చిన కుర్రాడికి అనుభవం సున్నా. నాకు సున్నాకి ఇరవై రెండు తక్కువ. ఆ కుర్రాడంతటి అజ్ఞానం సంపాదించడానికే నేను ఇంకా చాలాకాలం కష్టపడాలి.

దోషానికి శాంతి ఉంటుందిగా అని అడిగాను. ఉందన్నారు. ఏదైనా ఒక వాణిజ్య భవనాన్ని చూసి నమూనా నివేదిక రాసి ఇస్తే, అందులో ఇంటి వాసన లేదని మండలి తేల్చితే, మైనస్ అంతా కొట్టేస్తారు. అయితే సర్టిఫికెట్టు లేనివాడు వాణిజ్య భవనాన్ని మదింపు చెయ్యడం నేరం. అది రెండో నిబంధన. మరి రెండూ కలిసి ఎలా కుదురుతాయండీ అంటే, సొంత భవనానికి మినహాయింపు ఉందన్నారు.

"నాకున్నది ఇల్లొక్కటేనండి," అన్నాను.

"ఇల్లు అనునది తమరి అభిప్రాయము. ఆ సంగతి భవనమునకు తెలియదు," అన్నారు విశ్వంభరం గారు.

నేను ఇంటికొచ్చి టేపు తీశాను. కమర్షియల్ పద్ధతి వేరు. గోడ గట్టిదా, గాలి వస్తుందా అన్నవి తర్వాత మాటలు. ఆ గోడల మధ్య ఎంత ఆదాయం పుడుతుందన్నదే అసలు లెక్క. హాలు చూశాను. రోజంతా ఫ్యాను తిరుగుతోంది, ఆదాయం లేదు. పడకగది పగలంతా ఖాళీ, రాత్రి ఇద్దరు, ఆదాయం లేదు. దేవుడి అలమర దగ్గర కాస్త తటపటాయించాను. చివరికి, గృహప్రవేశం నాటినుంచి ఉంటున్న పాత అద్దెదారు, అద్దె చెల్లించడు, ఖాళీ చేయించడం కష్టం అని రాశాను. ఆ మాటలో గృహప్రవేశం అన్నది ఇంటి వాసన కొడుతోందని మళ్లీ కొట్టేసి ప్రారంభోత్సవం అని దిద్దాను. తులసికోట వాహనాలు నిలుపుకోవడానికి అడ్డంకి. వంటిల్లొక్కటే నడుస్తున్న వ్యాపారంలా కనిపించింది. భోజన విభాగం, నిర్వాహకురాలు ఒకరు, వినియోగదారుడు ఒకడు, ఇద్దరి మధ్య చెల్లింపుల ఆనవాయితీ లేదు అని రాశాను.

హైమావతి భుజం మీదనుంచి చదివింది.

"ఇందులో నేనెక్కడున్నానండీ?"

"భోజన విభాగంలో."

"బాగుంది. జీతం లేని ఉద్యోగం, అద్దె లేని కాపురం," అని, కాయితాలు తిరగేసి, "ఇన్ని కాయితాలు రాశారు గాని ఎక్కడా ఇల్లు అన్న మాటే లేదేంటండీ?" అంది.

అందుకే అది మంచి నివేదిక అన్నాను. అలా గర్వంగా అన్నాను కూడా. నా మొహం.

మండలి ఒక్కటే కొర్రీ వేసింది. ఈ భవనానికి అత్యుత్తమ వినియోగం ఏమిటన్న గడి ఖాళీగా వదిలేశారు, పూరించండి అంది. వంటిల్లు తలచుకుని హోటలు అని రాసి పంపాను. ఆ మరుసటి వారం నన్ను పిలిచి శాలువా కప్పారు. విశ్వంభరం గారు మాట్లాడుతూ, ఇరవై రెండేళ్లు ఇళ్ల మధ్య తిరిగిన మనిషి తన ఇంట్లోనే ఇల్లు కనిపించని స్థితికి చేరుకోవడం ఈ వృత్తిలో అపూర్వమన్నారు. నా మైనస్ మొత్తం కొట్టేసి కమర్షియల్ సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. నివేదికను భావితరాలకు ఆదర్శంగా దాచిపెడతామన్నారు. ఒక ప్రతి మునిసిపాలిటీకి సమాచారార్థం పంపుతామని కూడా అన్నారు. చప్పట్ల మధ్యలో ఆ చివరి మాట నేను పట్టించుకోలేదు.

మునిసిపాలిటీ పట్టించుకుంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు సూరిబాబు గారు పొద్దున్నే స్కూటరు మీద వచ్చారు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, హాల్లో పడక్కుర్చీలో కూర్చుని, హైమావతి ఇచ్చిన కాఫీ తాగి, అప్పుడు నోటీసు తీశారు.

"ఏం లేదండి, ఇది కమర్షియలని తేలిందండి. మీరే తేల్చారు కదండి. మరి కమర్షియల్ బిల్డింగులో కాపురం చెయ్యడం రూల్సుకి విరుద్ధమండి, ఆయ్."

నోటీసులో చాలా ఉన్నాయి, అమలుకి గడువూ ఉంది. వాణిజ్య సముదాయములో రాత్రివేళ నిద్రించరాదు. స్త్రీలకు పురుషులకు వేర్వేరు మరుగుదొడ్లుండవలెను. ప్రతి అంతస్తులో మంటలార్పు సాధనముండవలెను. ఖాతాదారుల కార్లు నిలుపుటకు చోటుండవలెను. మా సందులో ఆటో వెనక్కి తిరగాలంటే ఎదురింటివాళ్లు అరుగు మీద సామాను లోపల పెట్టుకోవాలి. ఉన్న ఒక్క బాత్రూముకి రెండు బోర్డులు చేయించాను. పొద్దున ఆడవారు, తర్వాత మగవారు అని మార్చి తగిలించేవాణ్ణి. మంటలార్పే ఎర్ర సిలిండరు తెచ్చి దేవుడి అలమర పక్కన నిలబెట్టాను. హైమావతి దానికీ ఓ బొట్టు పెట్టింది. ఎందుకని అడిగితే, ఈ ఇంట్లో నోటీసు రాకుండా ఉంటున్నది అదొక్కటే కదండీ అంది.

తులసికోట దగ్గర మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. అది ఆక్రమణ కిందకొస్తుందని సూరిబాబు గారు నెమ్మదిగానే చెప్పారు. ఎవరు ఎవరిని ఆక్రమించారో తులసమ్మనే అడగండి అంది. ఆయన ఆ మాట రాసుకుని, అడిగాము జవాబు రాలేదు అని పక్కన రాసుకున్నారు.

నిబంధనలు అమలవుతున్నాయో లేదో చూడ్డానికి ఆయన తరచూ వచ్చేవారు. ఎప్పుడూ టిఫిను వేళకే వచ్చేవారు. పెసరట్టయితే రెండు, ఉప్మా అయితే మారు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తినే పంపడం హైమావతికి చేతకాదు. ఆయన తిని, చేయి కడుక్కుని, ఆ గడువులోంచి ఒక్కో వారం తగ్గించి వెళ్లేవారు. చివరికి నెల్లోగా కాపురం ఎత్తెయ్యాలి, లేకపోతే భవనానికి సీలు వేస్తాం అని కాయితం ఇచ్చారు.

ఆ కాయితం చూసి హైమావతి అంది: "ఇంత గొడవెందుకండీ? ఆ రాసిందంతా అబద్ధమని చెప్పెయ్యండి. అయిపోతుంది."

సర్టిఫికెట్టు పోతుందేమోనన్న దిగులు నాకు లేకపోలేదు. అయినా వెళ్లాను. విశ్వంభరం గారు నేను చెప్పిందంతా విని, చాలా సానుభూతితో తల ఊపారు.

"నివేదిక అబద్ధమైనచో తమరి సర్టిఫికెట్టు చెల్లదు. చెల్లనిచో తమరు వాణిజ్య మదింపుదారులు కారు. కానివారు వాణిజ్య నివేదికను తప్పుపట్టరాదు. కావున నివేదిక నిజము."

ఎక్కడో తేడా ఉందని తెలుస్తోంది గాని అది దొరకలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇక హైమావతే పూనుకుంది. సూరిబాబు గారు మళ్లీ వచ్చినప్పుడు ఎప్పటిలాగే పెసరట్లు పెట్టింది, అల్లం పచ్చడి వేసింది, కాఫీ ఇచ్చింది. ఆయన చేయి తుడుచుకుంటుంటే పాత క్యాలెండరు కాయితం వెనక రాసిన బిల్లు చేతికిచ్చింది. ఇన్నాళ్లూ తిన్నదంతా అందులో ఉంది.

"ఇల్లయితే ఇది చింపెయ్యండి. హోటలయితే డబ్బివ్వండి. ఏదో ఒకటి మీరే తేల్చండి, అన్నయ్య గారూ," అంది.

నేను తలుపు చాటునుంచి చూస్తున్నాను. సూరిబాబు గారి మొహం ఎర్రబడుతుంది, కాయితం చింపేస్తారు, గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. తిన్న తిండికి డబ్బు అడిగితే మా వైపు మనిషి తల దించుకుంటాడు. ఆయనా మనిషేగా.

ఆయన మొహం ఎర్రబడలేదు, వెలిగింది. బిల్లు రెండుసార్లు చదివి, జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. రసీదు అడిగారు. సంతకం చేయించుకుని ఫైల్లో పెట్టుకున్నారు.

"ఇన్నాళ్లూ ఇదొక్కటే తక్కువైందండి. హోటలని కాయితం మీదుంది గాని ఆదాయం రుజువు లేదండి. పైవాళ్లు అడుగుతుంటే చెప్పుకోలేకపోతున్నానండి. మీరు చాలా సాయం చేశారమ్మా," అని దణ్ణం పెట్టి వెళ్లారు.

ఆ పూట హైమావతి మళ్లీ పొయ్యి వెలిగించలేదు. వంటింటి గడప మీద కూర్చుంది. గాజులు అమ్మిననాడు కంటతడి పెట్టని మనిషి, ఆ డబ్బు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నా చేత్తో నేనే అమ్ముకున్నానండీ ఇంటిని, పెసరట్టు రేటుకి అమ్ముకున్నాను అంది. అమ్మింది నువ్వు కాదు, నేను అందామనుకున్నాను. అనకుండానే పక్కన కూర్చున్నాను.

కూర్చున్నప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. ఇప్పుడు నేను చట్టప్రకారం కమర్షియల్ వాల్యూయర్ని. ఇది చట్టప్రకారం హోటలు. నడవని హోటలు చూసి, ఈ భవనాన్ని ఇంకెలా వాడుకుంటే మేలో చెప్పడం నా వృత్తి. మర్నాడే రెండో నివేదిక రాశాను. ఈ హోటలుకు ఖాతాదారుడు ఒక్కడే, అడిగితే తప్ప డబ్బివ్వడు కనుక వ్యాపారం దివాలా. గోడౌనుకు పనికిరాదు, వానాకాలం ఉత్తరపు గోడ చెమ్మగిల్లుతుంది. బ్యాంకుకు పనికిరాదు, గట్టి తలుపు దేవుడి అలమరకొక్కదానికే ఉంది. ఆసుపత్రికి పనికిరాదు, గుమ్మంలో మంచం తిరగదు. అన్నీ పోగా మిగిలిన అత్యుత్తమ వినియోగం ఒక్కటే, మనుషులు కాపురం ఉండడం. ఇల్లు అన్న మాట వాడలేదు. వాడితే దోషం తిరగబెట్టిందంటారు.

మండలి ఉబ్బితబ్బిబ్బయింది. కాపురం అన్న వినియోగం ఇంతవరకు ఏ వాణిజ్య నివేదికలోనూ రాలేదట. విశ్వంభరం గారు స్వయంగా ఫోను చేసి, ఇది వినూత్నమైన ప్రతిపాదన, ప్రయోగాత్మకంగా ఈ ఒక్క భవనంలో అమలుచేస్తామన్నారు. సీలు వెయ్యడం వాయిదా పడింది. హైమావతి ఆ పూట చాలారోజుల తర్వాత చారు పెట్టింది. మేం ఇద్దరం ఇక గండం గడిచిందనుకున్నాం.

వారం తిరక్కుండా ప్రకటన వెలువడింది. సదరు భవనములో నివసించుటకు తగిన అనుభవజ్ఞుల నుండి దరఖాస్తులు కోరబడుచున్నవి.

దరఖాస్తు పెట్టాం. ఇంటర్వ్యూ మా హాల్లోనే జరిగింది. మా పడక్కుర్చీలో విశ్వంభరం గారు, పక్కన సూరిబాబు గారు. మమ్మల్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, పిలిస్తే లోపలికి రమ్మన్నారు. మాతోబాటు ఇంకొకాయన వచ్చాడు. మందుల కంపెనీ ఏజెంటు. ఊళ్లు తిరిగి తిరిగి లాడ్జీల్లో బతికినవాడు. బస చేసిన ప్రతి రాత్రికీ బిల్లు ఉంది ఆయన దగ్గర. సంచీ నిండా తెచ్చాడు. విశ్వంభరం గారికి ఆ సంచీ చూస్తేనే గౌరవం కలిగింది.

తర్వాత మమ్మల్ని పిలిచారు. ఉన్న రెండు కుర్చీల్లోనూ వాళ్లే ఉంటే హైమావతి అలవాటు కొద్దీ లోపల్నుంచి ఇంకో స్టూలు తెచ్చుకోబోయింది. భవనంలోని సామగ్రి తాకరాదంటే ఇద్దరం నేల మీదే కూర్చున్నాం.

"నివాసానుభవమెంత?" అన్నారు విశ్వంభరం గారు.

"పద్దెనిమిదేళ్లండి," అంది హైమావతి.

"ఎక్కడ?"

"ఇక్కడేనండి. ఈ ఇంట్లోనే."

ఆయన ఫైలు తిరగేశారు. నా నమూనా నివేదిక ప్రకారం ఈ భవనం ఆది నుంచీ వాణిజ్య సముదాయమే. వాణిజ్య సముదాయంలో గడిపిన కాలం నివాసం కిందికి రాదు. పైగా నిబంధనలకు విరుద్ధంగా గడిపిన కాలం కనుక దాన్ని మైనస్‌లో వెయ్యాలి. సూరిబాబు గారు పక్కనుంచి, అంటే వీరికి ఇంట్లో ఉన్న అనుభవం సున్నాకి పద్దెనిమిదేళ్లు తక్కువండి, అని లెక్క అందించారు.

నా లెక్క నాకే తిరిగొచ్చింది. ఏదో ఒకటి చెప్పబోయాను. ఇంతలో హైమావతి ముక్కు ఎగబీల్చి, చటాలున లేచి లోపలికి పోయింది. వంటింట్లో పాలు పొంగబోతున్నాయి. మా ఎవరికీ వాసన తగల్లేదు. ఆవిడ మంట తగ్గించి, పొంగు అణిగేదాకా నిలబడి, గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తన చోట కూర్చుంది. అభ్యర్థిని అనుమతి లేకయే మధ్యలో లేచి వెళ్లెను అని విశ్వంభరం గారు రాసుకున్నారు. ఆ పాలతోనే అందరికీ కాఫీ వచ్చింది. అది మాత్రం ఆయన రాసుకోలేదు.

మొదటి స్థానం లాడ్జీల ఆయనకే వచ్చింది. మాది రెండోది, వెయిటింగ్ లిస్టు. ఆయన మా ఇల్లంతా తిరిగి చూసి, బెల్లు కొడితే ఎవరొస్తారని అడిగాడు. ఎవరూ రారు, మనమే లేవాలి అని హైమావతి చెప్పింది. ఇలాంటి చోట ఎవరుంటారండీ అని మానుకుని వెళ్లిపోయాడు. ఆ విధంగా మాకు నియామకపు ఉత్తర్వు వచ్చింది.

త్రినాథరావు దంపతులను సదరు భవనములో నివాసితులుగా ప్రొబేషను మీద తాత్కాలికముగా నియమించడమైనది. ప్రొబేషను కాలములో వారు నివసించుచున్నట్లు ప్రవర్తించవలెను. ఇన్‌స్పెక్టరు ముందస్తు సమాచారము లేకుండా వచ్చి, ఇది నివాసమా హోటలా అని పరిశీలించి తుది నివేదిక ఇచ్చును. హోటలని తేలినచో తక్షణము సీలు వేయబడును.

హైమావతి ఆ ఉత్తర్వు చదివి, మడిచి పోపులపెట్టె కింద పెట్టింది. ఆ రాత్రి పడుకున్నాక, చీకట్లో అడిగింది: "నివసిస్తున్నట్టు ప్రవర్తించడం అంటే ఏం చెయ్యాలండీ?"

ఇన్నేళ్లు ఇళ్లు చూశాను, ఎవరైనా ఇంట్లో ఏం చేస్తారో, ఏది చెయ్యకపోతే అది ఇల్లు కాకుండా పోతుందో, అది మాత్రం ఏ ఫారంలోనూ నింపలేదు.

ఈలోగా నాకు మొదటి కమర్షియల్ పని దొరికింది. పెద్ద షాపింగ్ కాంప్లెక్సు. అద్దాల తలుపు దానంతట అది తెరుచుకుంది. ఎవరు మీరు అని అడిగినవాళ్లు లేరు. రోజంతా తిరిగి కొలతలు వేశాను. ఎవరూ కూర్చోమనలేదు, మంచినీళ్లిమ్మని అడిగితే కింద షాపులో సీసా దొరుకుతుందన్నారు. తప్పేం లేదు, అది వాళ్ల ఇల్లు కాదుగా. సాయంత్రం అయిదయ్యేసరికి కాళ్లు పీకుతూ, గొంతెండుతూ మా సందులోకి తిరిగాను.

తిరిగేసరికి సూరిబాబు గారి స్కూటరు మా వాకిట్లో ఉంది. ఆయన చెప్పులు విడిచి, గుమ్మంలో ఒక కాలు పెట్టారు. తుది పరిశీలన ఇవాళేనని నాకు అర్థమైంది. వేడి వేడి పకోడీల వాసన సందు మొదటిదాకా వస్తోంది. ఈవిడ లోపలికి పిలిచి ప్లేటు పెడుతుంది, ఆయన తిని, డబ్బులిచ్చి, రసీదు తీసుకుంటారు. అంతటితో అయిపోయింది అనుకున్నాను. గబగబా వాకిట్లోకి వచ్చి, తులసికోట దగ్గరే నిలబడిపోయాను.

హైమావతి వంటింట్లోంచి వచ్చింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ ద్వారబంధం మీద పెట్టింది. పిండి చేతులు.

"ఎవరండీ మీరు?"

ఆయన తెల్లబోయారు. నేనమ్మా, సూరిబాబుని, ఇన్‌స్పెక్షన్ అండి అన్నారు.

"మంచిదండి. మేం మిమ్మల్ని రమ్మన్నామా?"

ఆయన లేదన్నారు. రూలు ప్రకారం చెప్పకుండానే రావాలమ్మా అని నసిగారు. ఆయన కళ్లు మాత్రం ఆవిడ భుజం మీదుగా వంటింటి వైపు ఉన్నాయి.

హైమావతి గొంతు పెంచలేదు. ఇన్నాళ్లూ అన్నయ్య గారూ అని పిలిచిన గొంతుతోనే అంది:

"హోటలుకైతే ఎవరైనా రావచ్చు, వచ్చినవాళ్లని పొమ్మనడానికి లేదు. ఇది ఇల్లండి. నేను రమ్మంటేనే రావాలి. ఇవాళ నాకు రమ్మనబుద్ధి పుట్టలేదు."

తలుపు వేసేసింది. లోపల గడియ పడ్డ చప్పుడు సందంతా వినిపించింది. పద్దెనిమిదేళ్లలో ఆ తలుపు ఒక మనిషి మొహం మీద వెయ్యడం అదే మొదలు.

సూరిబాబు గారు చాలాసేపు ఆ తలుపు చూశారు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చెప్పులు తొడుక్కుని, స్కూటరు సీటు మీద ఫైలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. నేను వెనకనుంచి చూశాను. పరిశీలనాధికారిని లోనికి రానివ్వలేదు. తినుబండారములు సిద్ధముగా ఉన్నను ఇవ్వలేదు. డబ్బిచ్చెదనని చెప్పు అవకాశము సైతము కల్పించలేదు. ఏ వ్యాపార సంస్థయు ఇట్లు ప్రవర్తించజాలదు. కావున ఇది నివాసమేనని నిర్ధారించడమైనది.

కింద సంతకం చేసి, నా వైపు తిరిగి, "చాలా పకడ్బందీగా ఉన్నారండి మీ ఆవిడ, ఆయ్," అన్నారు. స్కూటరు ఎక్కేముందు ఇంకోసారి గాలి పీల్చుకుని, పకోడీల్లో ఉల్లిపాయలు ఎక్కువ పడ్డట్టున్నాయండి అని దిగులుగా వెళ్లిపోయారు.

నేను గుమ్మం దగ్గరకెళ్లి తలుపు తోశాను. రాలేదు. తట్టాను.

"ఎవరూ?" అంది లోపల్నుంచి.

జేబులో కమర్షియల్ సర్టిఫికెట్టు ఉంది, చేతిలో టేపు ఉంది, మెళ్లో మండలివాళ్లిచ్చిన ఫొటో కార్డు వేలాడుతోంది. అవేవీ అక్కరకు రావని ఆ క్షణాన తెలిసింది. కార్డు తీసి జేబులో పెట్టుకున్నాను.

"నేనే," అన్నాను.

గడియ తీసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"కాళ్లు కడుక్కుని రండి. పకోడీలు చల్లారిపోతున్నాయి," అంది.